పక్కన టీచరు లేని పాఠం: బెజవాడ, గుంటూరు టీచర్లు యూఎక్స్ డిజైన్‌లోకి వెళ్లే పద్ధతి

స్లిప్ టెస్టులో నలభై మందికి ఇరవై ఐదు మంది మూడో ప్రశ్నకు ఒకే తప్పు జవాబు రాశారనుకోండి. అనుభవం ఉన్న టీచరు పిల్లల మీద కేకలెయ్యరు, ముందు ప్రశ్నపత్రం తీసి చూస్తారు. 'కింది వాటిలో సరి కానిది' అన్నచోట 'కానిది' రెండో లైను మొదట్లోకి జారిపోయి ఎవరి కంటికీ ఆనలేదని అప్పుడు తెలుస్తుంది. మళ్లీసారి ఆ మాట కింద గీత పెడతారు, లేదా ప్రశ్ననే తిప్పి అడుగుతారు. యాప్, వెబ్‌సైటు వాడేవారి అనుభవాన్ని (యూజర్ ఎక్స్‌పీరియెన్స్, పొట్టిగా యూఎక్స్) చక్కదిద్దే డిజైనర్ రోజంతా చేసే పని ఇదే. జనం ఎక్కడ తడబడ్డారో చూడటం, తప్పు జనంలో కాక తెరలో వెతకడం, మార్చి మళ్లీ చూడటం.

ఒక పెద్ద తేడా మాత్రం ఉంది. క్లాసులో అర్థంకాని పిల్లాడు చెయ్యెత్తుతాడు, మీరు బల్ల దగ్గరికి వెళ్లి ఇంకోలా చెబుతారు. హాస్పిటల్ యాప్‌లో ఓపీ టోకెన్ తీసుకునే పెద్దాయన పక్కన మీరు ఉండరు. కాబట్టి తడబాటు పట్టుకునే కన్ను టీచరుకు ఈ రంగంలో ఎంత ఉపయోగమో, వివరించేసే అలవాటు అంత అడ్డం. ఈ వ్యాసంలో చెప్పే మెట్లు ఎక్కువగా ఆ అలవాటును అదుపులో పెట్టుకోవడం గురించే.

ఏ పనికి వెళ్తున్నారో ముందు తేల్చుకోండి

యూఎక్స్ అన్నది ఒక్క ఉద్యోగం కాదు. జనంతో మాట్లాడి, తెరలు వాళ్లచేత వాడించి చూసే టెస్టులు పెట్టి, కనిపించింది రాసేవారు యూఎక్స్ రిసెర్చర్లు. బటన్ల మీద, ఎర్రర్ మెసేజుల్లో ఉండే మాటలు చూసుకునేవారు కంటెంట్ డిజైనర్లు లేదా యూఎక్స్ రైటర్లు. తెరలు గీసి, ఒక తెర నుంచి ఇంకో తెరకు దారి కట్టేవారు ప్రొడక్ట్ డిజైనర్లు. ఆన్‌లైన్ పాఠాలు, కంపెనీ ట్రైనింగులు తయారుచేసేవారు ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్లు. టీచరుకు అన్నిటికన్నా దగ్గరి మెట్టు ఈ చివరిదే. ఇందులో ఆర్టిక్యులేట్ స్టోరీలైన్ లాంటి సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే చాలా వరకు పని నడుస్తుంది. కానీ అది పక్క వీధి. అక్కడే స్థిరపడితే ప్రొడక్ట్ డిజైన్‌లోకి రావడానికి మళ్లీ కొత్త పోర్ట్‌ఫోలియో (చేసిన పనులు చూపించే సంకలనం) కట్టుకోవాలి.

రిసెర్చర్ ఉద్యోగం పేరు వినగానే టీచర్లందరికీ మనసు అటే లాగుతుంది. అనుభవం లేనివాళ్లకు ఆ పోస్టులు చాలా తక్కువ. ప్రొడక్ట్ డిజైనర్‌గా అప్లై చేసి, రిసెర్చి బలంగా చూపించడం మేలు. తెలుగు, ఇంగ్లిష్ టీచర్లు కంటెంట్ డిజైన్ వైపు కూడా ఒక కన్నేసి ఉంచాలి. తెలుగులో సహజంగా ఉండే నాలుగు మాటలు రాయగలిగినవాళ్లు యాప్ కంపెనీలకు అంత సులువుగా దొరకరు.

బీఈడీలో చదివిన సైకాలజీ పేపరు ఇక్కడ అక్కరకొస్తుంది. 1990ల్లో యాపిల్‌లో తన హోదాకు యూజర్ ఎక్స్‌పీరియెన్స్ అన్న పేరు పెట్టుకుని ఆ మాటను వాడుకలోకి తెచ్చిన డొనాల్డ్ నార్మన్ సైకాలజీ మనిషే. జేకబ్ నీల్సన్ 1994లో ఖరారు చేసిన పది యూజబిలిటీ (వాడటానికి ఎంత తేలిక అన్న) సూత్రాలు చదివితే సగం మీకు తెలిసినవే అనిపిస్తాయి. గుర్తుతెచ్చుకోమనడం కన్నా గుర్తుపట్టమనడం తేలిక అన్న సూత్రం ఉంది. ఖాళీలు పూరించడం కష్టం, బిట్ పేపరులో నాలుగింట్లో ఒకటి పెట్టడం తేలిక అన్నదే అది. అలాగని ప్రతి సైకాలజీ ముక్కా అతికించకండి. మనిషి జ్ఞాపకంలో ఏడు విషయాలు నిలుస్తాయన్న 1956 నాటి మిల్లర్ వ్యాసం పట్టుకుని మెనూలో ఏడు అంశాలే ఉండాలని రాసేవాళ్లు కనిపిస్తారు. మెనూ కళ్ల ముందే ఉంటుంది, దాన్ని జ్ఞాపకం పెట్టుకోనక్కర్లేదు. ఇంటర్వ్యూలో ఈ పొరపాటు చేస్తే తెలిసినవాళ్లకు ఇట్టే దొరికిపోతారు.

సమయం, డబ్బు, అకడమిక్ ఇయర్

ఉద్యోగం చేస్తూ వారానికి ఎనిమిది గంటలు ఇవ్వగలిగితే పది నుంచి పన్నెండు నెలలు పెట్టుకోండి. ఆదివారం నాలుగు గంటలు, మధ్యలో రెండు రాత్రులు రెండేసి గంటలు. రాత్రి స్టడీ అవర్లు, ఆదివారం టెస్టులు ఉండే రెసిడెన్షియల్ కాలేజీ లెక్చరర్లకు ఇది సాగదు. వాళ్లు పదిహేను నెలలు అనుకోవాలి.

బడి క్యాలెండరును మీకు అనుకూలంగా మలుచుకోండి. జులై, ఆగస్టుల్లో చదవడం, ఉన్న యాప్‌లను విమర్శనగా చూడటం. దసరా సెలవుల్లో తెరలు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మా చేతికి అలవాటు చేసుకోవడం. ఇంద్రకీలాద్రి రద్దీకి బెజవాడలో బయట తిరగడమే కష్టమైన ఆ పది రోజులు కంప్యూటర్ ముందు కూర్చోడానికి బాగుంటాయి. సంక్రాంతికి ఇంటికొచ్చే మేనత్తలు, బాబాయిలు టెస్ట్ రిహార్సల్‌కు పనికొస్తారు. అసలు టెస్టుకు ఎందుకు పనికిరారో కింద చెబుతాం. ఫిబ్రవరి నుంచి పేపర్లు దిద్దడం అయ్యేదాకా దీని జోలికి రాకండి, రెండూ పాడవుతాయి. పోర్ట్‌ఫోలియో వేసవి సెలవుల్లో పూర్తిచేసి, జూన్ రెండో వారం బడులు తెరిచేలోపు అప్లికేషన్లు మొదలుపెట్టాలి.

ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో లేకుండా రాజీనామా ఇవ్వొద్దు. ఐఐటీ బ్యాచులకు చెప్పే సీనియర్ లెక్చరరు అయితే మొదటి డిజైన్ ఉద్యోగంలో జీతం తగ్గడానికి సిద్ధపడే రావాలి. ప్రైవేటు స్కూల్లో ప్రైమరీ చెప్పేవారికి ఆ బాధ సాధారణంగా ఉండదు. ప్రభుత్వ టీచర్ల లెక్క వేరు. పాత పెన్షన్ విధానంలో ఉన్నవారు రాజీనామా చేస్తే పెన్షన్‌కు లెక్కకొచ్చే పాత సర్వీసు పోతుంది. సెలవు నిబంధనలు, సర్వీస్ రూల్స్ తెలిసినవాళ్లతో కూర్చుని మాట్లాడాకే అడుగు వెయ్యండి.

ఫిగ్మాలో మొదటి రెండు నెలలు

8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. ఫిగ్మా బ్రౌజర్లోనే నడుస్తుంది, ఉచిత ప్లాన్‌తో మొదలుపెట్టొచ్చు, చదువుకునేవారికి, టీచర్లకు ఉచిత ఎడ్యుకేషన్ ప్లాన్ కూడా ఉంది. మౌస్ మాత్రం కొనుక్కోండి. టచ్‌ప్యాడ్ మీద నేర్చుకుంటే సగం పట్టుదల అక్కడే కరిగిపోతుంది.

మొదటి వారం కొత్తదేమీ గీయొద్దు. ఫోన్లో రోజూ వాడే యాప్ నుంచి ఒక తెర స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని పక్కన పెట్టుకుని అచ్చుగుద్దినట్టు మళ్లీ కట్టండి. చూచిరాత లాంటిదే. ఎఫ్ నొక్కి 360 వెడల్పు, 800 ఎత్తు ఫ్రేమ్ తీసుకోండి. రెండు పక్కలా 16 పిక్సెళ్ల మార్జిన్. ఎడాలన్నీ 8, 16, 24, 32 ఇలా ఎనిమిది గుణిజాల్లో ఉంచండి. మామూలు పాఠ్యం 16 సైజు. వేలితో నొక్కేది ఏదైనా 48 ఎత్తుకు తగ్గకూడదు. ఆండ్రాయిడ్ కోసం గూగుల్ ఇచ్చే సూచన అది, యాపిల్ 44 అంటుంది. ఇలా పది తెరలు కట్టేసరికి చేతికి కొలత వస్తుంది.

తర్వాత ఆటో లేఅవుట్. రెండు మూడు వస్తువులను ఎంచుకుని షిఫ్ట్, ఏ కలిపి నొక్కితే అవి ఒక వరసలో కట్టుబడతాయి, లోపల మాట పెరిగితే పెట్టె దానంతటదే పెరుగుతుంది. ఇది రాకుండా ముందుకు పోవద్దు. కొత్తవాళ్ల ఫైళ్లలో తరచుగా కనిపించే లోపం, పెట్టెలను చేత్తో పేర్చి, మాట మారగానే అన్నీ ఒకదానిమీద ఒకటి ఎక్కడం. ఆ పైన కాంపోనెంట్లు. ఒక బటన్‌ను ఒకసారి కాంపోనెంట్‌గా చేస్తే ఇరవై తెరల్లో వాడినా అసలుదాన్ని మారిస్తే అన్నీ మారతాయి. చివరగా ప్రోటోటైప్ (నొక్కి చూసే నమూనా) ట్యాబ్‌లో తెరలను బాణాలతో కలిపి, ఫోన్లో నొక్కి చూడటం. ఇంతే చాలు. యానిమేషన్లు, త్రీడీ బొమ్మలు ఇప్పుడు అక్కర్లేదు.

రంగుల విషయంలో ఒక్క నియమం నోటికి రావాలి. మామూలు సైజు అక్షరానికీ వెనకున్న రంగుకూ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5కు 1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3కు 1 చాలు. అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల ఏఏ స్థాయి ఇది. వెబ్‌ఎయిమ్ వారి ఉచిత చెకర్‌లో రెండు రంగులు వేస్తే లెక్క చెబుతుంది. తెల్లటి నేల మీద లేత బూడిద రంగు అక్షరాలు ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉంటాయి. మే నెల ఎండలో బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడి చదివే మనిషికి అక్కడ ఏమీ ఉండదు.

తెలుగు తెర

ఇక్కడ మీకు దొరికే లాభం హైదరాబాదులో, బెంగళూరులో డిజైన్ చదివినవాళ్లకు తరచుగా దొరకదు. కాబట్టి దీనిమీద కొంచెం ఎక్కువసేపు పని చెయ్యండి.

ఇంగ్లిష్ తెరను తెలుగు చేయగానే మొదట దెబ్బతినేది లైన్ల మధ్య ఎడం. మనకు పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లిష్‌కు 1.2 రెట్లు పెట్టిన ఎడంలో పై లైను వత్తు కింది లైను గుడిని తాకుతుంది, లేదా బటన్ అంచులో కోసుకుపోతుంది. 1.6 దగ్గర మొదలుపెట్టి చూడండి. పరీక్షించడానికి 'లక్ష్మీపురం', 'స్త్రీ', 'కృష్ణా', 'రాష్ట్రం' అన్న మాటలు పెట్టుకోండి. ఇవి నాలుగూ కోసుకుపోకుండా నిలబడితే మిగతావన్నీ నిలబడతాయి. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఉచితం. హింద్ గుంటూర్ అని మన ఊరి పేరుతోనే ఒక ఫాంట్ ఉంది. ఫాంట్‌లో తెలుగు అక్షరాలే లేకపోతే ఫిగ్మాలో ఒకలా, ఫోన్లో ఒకలా కనిపిస్తుంది. ఆఖరి మాట ఎప్పుడూ ఫోన్లో చూసినదే.

తెలుగులో పెద్దబడి అక్షరాలు లేవు, కాబట్టి క్యాపిటల్స్‌తో శీర్షిక చూపించే ఇంగ్లిష్ చిట్కా ఇక్కడ పనిచేయదు. చిన్న సైజులో బోల్డ్ చేస్తే అక్షరాల కడుపులు పూడుకుపోతాయి. వాల్చి రాసిన తెలుగు చూడ్డానికి బాగోదు. సైజూ ఎడమూ రంగూ, ఈ మూడింటితోనే ఏది ముఖ్యమో తెలియాలి.

ఇక మాటలు. 'సమర్పించు' అని బటన్ మీద ఉంటుంది. ఎవరికి, పూజకా? జనం 'సబ్మిట్' అంటారు, లేదా 'పంపండి' అంటే అర్థమవుతుంది. 'గుప్తపదం' అంటే ఎవరికీ తెలీదు, 'పాస్‌వర్డ్' అందరికీ తెలుసు. 'నొక్కు', 'ఎంచుకో' అని ఏకవచనంలో ఉంటే యాప్ పెద్దవాళ్లను పిల్లల్ని అన్నట్టు అంటోంది, 'నొక్కండి', 'ఎంచుకోండి' కావాలి. ఎర్రర్ మెసేజ్ 'చెల్లని ఇన్‌పుట్' అంటే మార్కులు వేసి కారణం చెప్పకపోవడమే. 'ఫోన్ నంబరులో 10 అంకెలు ఉండాలి, 9 మాత్రమే ఉన్నాయి' అన్నది దిద్దిన పేపరు.

పేర్లు ఇంకో చిక్కు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు ఇస్తే మనవాళ్లు ఇంటిపేరు ఎందులో వేయాలో తెలీక ఆగిపోతారు. మన ఇంటిపేరు ముందొస్తుంది, అదీ చాలాసార్లు ఒక్క అక్షరమే. ఆధార్‌లో ఒకలా, పదో తరగతి మెమోలో ఒకలా ఉండటం ఏ క్లాస్ టీచరుకూ కొత్త కాదు. ఒకే గడి ఇచ్చి 'ఆధార్‌లో ఉన్నట్టు పూర్తి పేరు' అని రాస్తే గొడవ చాలామటుకు తీరుతుంది.

నోరు మూసుకుని చూడటం

అన్నిటికన్నా టీచరుకు కష్టమైనది, అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఉదాహరణకు స్కూలు ఫీజు కట్టే యాప్ తీసుకుందాం.

ముందు మాటలు. తెరలు గీయకముందు ఐదారుగురు తల్లిదండ్రులతో ఇరవై నిమిషాలు మాట్లాడాలి. 'ఫీజు ఆన్‌లైన్లో కట్టే సౌకర్యం ఉంటే వాడతారా' అని అడిగితే అందరూ వాడతామంటారు, ఆ జవాబుకు విలువ లేదు. 'కిందటిసారి ఫీజు ఎలా కట్టారో మొదటినుంచీ చెప్పండి' అని అడగండి. అప్పుడు బయటికొస్తాయి. డైరీ అట్ట మీద అడ్మిషన్ నంబరు, రోల్ నంబరు రెండూ ఉంటే ఏది వేయాలో తెలియకపోవడం. అమ్మ ఇంట్లో నింపుతుంటే ఓటీపీ ఆటోనగర్ షెడ్డులో ఉన్న నాన్న ఫోనుకు వెళ్లడం, ఆయన ఫోనెత్తేలోపు గడువు దాటడం. డబ్బు బ్యాంకులో కట్ అయ్యాక తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే భయపడి రెండోసారి కట్టడం.

ఈ మూడింటికీ విరుగుడు తెరలోనే ఉంది. నంబరు టైపు చేయమనకుండా, రిజిస్టర్ అయిన ఫోన్ నంబరు తీసుకుని పిల్లల పేర్లూ తరగతులూ చూపించి ఎంచుకోమనడం. ఓటీపీ ఏ నంబరుకు వెళ్తోందో చివరి నాలుగు అంకెలతో ముందే చెప్పడం, ఇంట్లో ఇంకో నంబరు కలుపుకునే వీలివ్వడం. మూడోదానికి తెరమీద ఇలా రాయడం: 'మీ బ్యాంకు నుంచి డబ్బు వెళ్లింది. స్కూలుకు ఇంకా అందలేదు. మళ్లీ కట్టొద్దు, ఏమైందీ మెసేజ్ చేస్తాం.' కొత్త టీచరు-డిజైనర్లు ఈ దశలో తెర పైన నాలుగు లైన్ల సూచనలు రాస్తారు, పరీక్ష పేపరు మీద రాసినట్టు. ఎవరూ చదవరు. సూచన అవసరమైన గడి పక్కనే, అవసరమైన క్షణంలోనే ఉండాలి.

ఇక టెస్ట్. ఐదుగురు చాలు. ఒక్కొక్కరి దగ్గర సగటున 31 శాతం సమస్యలు బయటపడతాయన్న లెక్క మీద ఐదుగురికి దాదాపు 85 శాతం తేలతాయని నీల్సన్ చూపించారు. పదిమందితో ఒకేసారి చేయడం కన్నా ఐదుగురితో చేసి, సరిదిద్ది, వేరే ఐదుగురితో మళ్లీ చేయడం మంచిది. కానీ తల్లిదండ్రులు ఒక గుంపు, ఆఫీసు అకౌంటెంట్ ఇంకో గుంపు. గుంపుకు ఐదుగురు విడిగా కావాలి.

ఎవర్ని పిలవాలన్నది జాగ్రత్తగా చూడాలి. మీ క్లాసు పిల్లల తల్లిదండ్రులను పిలవకండి. మేడం గారు అడిగితే 'చాలా బాగుందండీ' తప్ప ఇంకో మాట రాదు. చుట్టాలూ అంతే, మీ మనసు నొప్పించరు. బ్రాడీపేటలోనో, పటమటలోనో వేరే స్కూలుకు పిల్లల్ని పంపేవాళ్లను, మీరెవరో తెలియనివాళ్లను వెతకాలి. పద్దెనిమిది ఏళ్ల లోపువాళ్లతో టెస్ట్ వద్దు. 2023 డేటా రక్షణ చట్టం వాళ్లను పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. పెద్దలకైనా తెలుగులో నాలుగు లైన్ల అంగీకారపత్రం రాసి, రికార్డు చేస్తున్నట్టు చెప్పి, సంతకం తీసుకోండి.

ఒక్కొక్కరికి అరగంట. వీలైతే వాళ్ల ఫోన్లోనే. అక్షరాలు పెద్దవి చేసుకుని ఉంటారు, అద్దం పగిలి ఉంటుంది, అవన్నీ లెక్కలోకి రావాలి. మొదటి మాటగా 'పరీక్ష మీకు కాదండీ, ఈ తెరకి' అని చెప్పండి. పని చెప్పేటప్పుడు తెర మీద ఉన్న మాటలు వాడకండి. 'ఫీజు చెల్లించండి నొక్కండి' అంటే చిట్టీ అందించినట్టే. 'మీ పాప రెండో టర్మ్ ఫీజు కట్టాలి. ఎలా కడతారో చేసి చూపించండి, మనసులో అనుకునేది పైకి చెబుతూ ఉండండి' అంటే సరి.

తర్వాత మీరు మాట్లాడకూడదు. టెస్టుకొచ్చినామె వేలు గాల్లో ఆగుతుంది. 'ఇదేనా నొక్కాలి?' అని మీ మొహం చూస్తుంది. ఏళ్లుగా ఆ చూపుకు జవాబు చెప్పీ చెప్పీ మీకు నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ అడిగితే 'నేను ఇక్కడ లేకపోతే ఏం చేసేవారు?' అనండి. తలూపకండి. 'వెరీ గుడ్' అనకండి, అది కరెక్టు జవాబు చెప్పేసినట్టే. తప్పు దారిలో వెళ్తున్నా వెళ్లనివ్వండి, వెనక్కి ఎలా వస్తుందో చూడటమే పని. రెండు మూడు నిమిషాలు చిక్కుకుపోయి విసుగొస్తే మాత్రం ఆపి తర్వాతి పనికి వెళ్లాలి, మనిషిని ఏడిపించడానికి కాదు వచ్చింది.

రాసుకోవడానికి మార్కుల రిజిస్టరు లాంటి పట్టిక గీసుకోండి. అడ్డంగా పనులు, నిలువుగా మనుషులు. ఒంటిగా చేసేస్తే 0, తడబడి చేస్తే 1, సాయం కావలసి వస్తే 2, చేయలేకపోతే 3. ఆగినచోట వాళ్లు అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా రాయండి. 'కన్ఫ్యూజ్ అయ్యారు' అన్న నోటుకు విలువ లేదు. 'ఇదేంటండీ, టర్మ్ అంటే మొదటిదా రెండోదా' అన్నదానికి ఉంది. ఐదుగురిలో ముగ్గురు ఒకేచోట ఆగితే అదే మొదట బాగుచేయాల్సింది. వాడటం ఎంత తేలికో వందకు లెక్కేసే పది ప్రశ్నల ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) స్కోరు కూడా తీసుకోవచ్చు, దాని సగటు 68 అంటారు. కానీ ఐదుగురితో తీసిన స్కోరును పెద్ద అంకెల్లో వేసి గొప్పగా చూపించకండి.

పోర్ట్‌ఫోలియో

మూడు కేస్ స్టడీలు (ఒక్కో ప్రాజెక్టు ఎలా చేశారో చెప్పేవి), అంతకు మించొద్దు. ఒకటి పైన చెప్పినట్టు మొదటినుంచీ చివరిదాకా చేసినది. రెండోది ఉన్న సేవను పరిశీలించినది. 2025 జనవరిలో మొదలైన ఏపీ ప్రభుత్వ మన మిత్ర వాట్సాప్ సేవల్లో ఒక సర్టిఫికెట్ దరఖాస్తు తీసుకుని అడుగులు లెక్కపెట్టి, నీల్సన్ పది సూత్రాలతో పోల్చి, ప్రతి సమస్యకూ 0 నుంచి 4 దాకా తీవ్రత వేయొచ్చు. మూడోది మీ చుట్టుపక్కల వ్యవహారం. గుంటూరు మిర్చి యార్డులో రైతుకు తన లాటు వివరాలు ఎలా తెలుస్తున్నాయి, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో కొత్త మనిషి ప్లాట్‌ఫారం ఎలా వెతుక్కుంటాడు లాంటివి. పేరున్న ఫుడ్ డెలివరీ యాప్‌ను మళ్లీ గీసినవి మాత్రం వద్దు. అవి చూసి చూసి ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మొహం మొత్తింది.

చూసేవాళ్లు ఒక్కో కేస్ స్టడీకి ఇచ్చేది రెండు మూడు నిమిషాలే. లెసన్ ప్లాన్ లాగా లక్ష్యాలతో మొదలుపెట్టి ముగింపు దాకా అన్నీ పూసగుచ్చినట్టు రాయొద్దు. మొదటి తెర మీదే సమస్య ఒక వాక్యంలో, పాత తెరా కొత్త తెరా పక్కపక్కన. తర్వాత జనం అన్న రెండు మాటలు. తర్వాత మొదటి డిజైన్‌లో ఏది తప్పయింది, ఎందుకు మార్చారు. ఈ చివరి ముక్క లేనివే ఎక్కువ వస్తుంటాయి, ఉన్నవాటిని ఆగి చదువుతారు. కల్పించిన పర్సోనాలు (వాడేవారి ఊహాచిత్రాలు) పెట్టకండి. 'లక్ష్మి, 34, గృహిణి, టెక్నాలజీ అంటే ఇష్టం' అని నవ్వుతున్న ఫొటో అతికిస్తే ఎవరితోనూ మాట్లాడలేదని తెలిసిపోతుంది.

స్కూలు పేరు, లోగో, మార్కుల లిస్టులు, పిల్లల ఫొటోలు ఏవీ ఉండకూడదు. డిజైనర్లు తమ పనులు చూపించే సైటు బిహాన్స్‌లో ఉచితంగా పెట్టొచ్చు, నోషన్‌లో పెట్టొచ్చు, వెనకబలానికి ఒక పీడీఎఫ్ కూడా ఉంచుకోండి. భాష ఇంగ్లిష్‌లోనే రాయండి, చూసేవాళ్లు అన్ని ఊళ్లవాళ్లు. తెలుగు తెరలకు పక్కన అర్థం రాయడం మరవకండి.

ఏఐ పనిముట్లు ఒక వాక్యం చెబితే ఇరవై తెరలు గీసిస్తున్నాయి. వాడుకోండి, వాడినచోట వాడామని చెప్పండి. గీయడం చవకయ్యేకొద్దీ, గీసినదాంట్లో ఏది తప్పో చూపించగలవాళ్లకు గిరాకీ.

కోర్సులు, ఇన్‌స్టిట్యూట్లు

ఆన్‌లైన్ కోర్సుల సైటు కోర్స్‌ఎరాలో 2021 నుంచి ఉన్న గూగుల్ యూఎక్స్ సర్టిఫికెట్ మొదటి కోర్సుగా బాగుంటుంది. ఐఐటీ బాంబేలోని డిజైన్ స్కూలు ఐడీసీ వారి డీ-సోర్స్ పాఠాలు ఉచితం, మన దేశపు ఉదాహరణలు అందులో ఉంటాయి. ఒకటి పూర్తిచేశాక ఆపెయ్యండి. సర్టిఫికెట్లు పోగేయడం డీఎస్సీ అలవాటు, ఇక్కడ దాని వెయిటేజీ లేదు. రెండేళ్లు పూర్తిగా చదవగలిగితే ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) గట్టి దారి. ఐఐటీల్లో దానికి ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష రాయాలి, వయసు పరిమితి లేదు. 2015లో నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో మొదలైన మన ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లోని బీ.డెస్ డిగ్రీ ఇంటర్ అయిన పిల్లల కోసం, మీకోసం కాదు.

'నూరు శాతం ప్లేస్‌మెంట్' అని బోర్డు పెట్టిన చోటికి వెళ్తే మూడు ప్రశ్నలు అడగండి. కిందటి బ్యాచ్‌లో చేరినవారి పోర్ట్‌ఫోలియోలు ఐదు చూపిస్తారా? చెప్పేవారు ఏ కంపెనీలో డిజైనర్‌గా ఎన్నేళ్లు చేశారు? మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాస్తారా? మూడింటికీ జవాబు రాకపోతే లేచి రండి. ఫీజు ఒకేసారి కట్టొద్దు.

ఉద్యోగం వెతకడం

గన్నవరం దగ్గర కేసరపల్లిలో, మంగళగిరిలో ఐటీ కంపెనీలున్నాయి గాని డిజైన్ పోస్టులు ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరుల్లోనే. చదువుకు సంబంధించిన యాప్ కంపెనీలతో మొదలుపెట్టండి, అక్కడ మీ పాత అనుభవం లెక్కలోకి వస్తుంది. హైదరాబాదులో ఉదయం ఇంటర్వ్యూ ఉంటే గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌ను నమ్ముకోకండి, అది చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ముందు రాత్రి బస్సెక్కండి.

రెజ్యూమెలో 'ఎనిమిదేళ్లు పదో తరగతి మ్యాథ్స్' అని వదిలేస్తే చదివేవారికి ఏమీ అర్థం కాదు. యూనిట్ టెస్టుల తప్పులు వర్గాలుగా విడదీసి, ఏ మెట్టు దగ్గర ఎంతమంది ఆగుతున్నారో చూసి వర్క్‌షీట్ మార్చిన సంగతి రాయండి. అది నిజంగా చేసి ఉంటేనే.

ఇంటర్వ్యూలో మామూలుగా మూడు ఉంటాయి. పోర్ట్‌ఫోలియో చెప్పడం, ఏదైనా యాప్‌ను అక్కడికక్కడ విమర్శించడం, బోర్డు మీద ఒక సమస్య పరిష్కరించడం. మూడోదానిలో టీచర్లు మార్కర్ చేతికి రాగానే పాఠం మొదలుపెడతారు. బోర్డు అంటే అంత చనువు. మొదటి ఐదు నిమిషాలు ప్రశ్నలే అడగండి, ఎవరి కోసం, ఏ ఫోన్లో, ఇప్పుడు ఎలా చేస్తున్నారు అని. ఇంటికిచ్చే అసైన్‌మెంట్ నాలుగైదు గంటలకు మించేలా ఉంటే ఎంతవరకు చేయాలో ముందే అడిగి తేల్చుకోండి. టీచింగ్ ఎందుకు మానేస్తున్నారంటే మేనేజ్‌మెంట్ మీద చాడీలు వద్దు. దిద్దిన పేపర్లలో కనిపించిన ఒక తప్పు గురించి చెప్పి, అక్కడినుంచి మీ మొదటి ప్రాజెక్టులోకి వెళ్లిపోండి.

బయటికొచ్చేటప్పుడు కాగితాలు

ఆఫర్ లెటర్ మెయిల్లో వచ్చాకే రాజీనామా. అపాయింట్‌మెంట్ ఆర్డరులో నోటీసు ఎన్నాళ్లో, ఏడాది మధ్యలో మానేస్తే ఏమంటారో ముందే చదవండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే వాటిని రాతపూర్వకంగా అడిగి, తీసుకున్న రోజే ఒక్కొక్కటీ చూసుకోండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ రెండూ వేర్వేరు, రెండూ కావాలి. పీఎఫ్ ఉంటే పోర్టల్‌లో మీ చివరి తేదీ వేశారో లేదో చూసి, డబ్బు తీసేయకుండా కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. మొత్తం సర్వీసు ఐదేళ్లు నిండకముందే తీస్తే దానిమీద పన్ను పడుతుంది. పోర్టల్‌లో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ఇంటిపేరు గొడవ ఇక్కడా ఉంటుంది.